నాలుగో దెబ్బ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది ధైర్యం కొద్దీ చెప్పే మాట కాదు. నేను పుట్టి పెరిగింది భిలాయి ఉక్కు ప్లాంటు వాళ్ళ సెక్టర్ 6 క్వార్టర్లలో. ఒకరు షిఫ్టు దిగి వస్తుంటే ఇంకొకరు షిఫ్టుకి సైకిలెక్కేవారు. ఏ వేళ చూసినా వీధిలో మనుషులే. దయ్యం రావాలనుకున్నా దానికి ఖాళీ వేళ దొరికేది కాదు.

ఇంకో మాట కూడా ముందే ఒప్పుకుంటాను. ఈ సంగతిలో తెలివితక్కువవాడు ఎవరా అని మీరు వెతుక్కోనక్కర్లేదు. నేనే. ఎక్కడి నీళ్ళు మంచివో, ఎక్కడివి కావో పదిమందికి చెప్పడమే నా బతుకుతెరువు. నీటి గురించి నీతులు చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి, అప్పుడే నేర్చుకుంటున్న నలుగురిని తీసుకెళ్ళి, పోయి పోయి ప్రాణం తీసే చోట మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను. ఆ నలుగురూ ఇవాళ హాయిగా ఉన్నారు. ఎలా బతికి బయటపడ్డారో మాత్రం నేను సరిగ్గా చెప్పలేను. చెప్పలేకే రాస్తున్నాను.

నా పని స్కూబా నేర్పడం. వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని, నోట్లో గొట్టం బిగించుకుని, నీళ్ళ అడుగున తిరగడం. విశాఖలో నేర్చుకున్నాను. అక్కడే కొన్నేళ్ళు నేర్పాను. తర్వాత ఇంటి మీద గాలి మళ్ళి భిలాయి వచ్చేశాను. గాలి అమ్ముకుని బతికేవాణ్ణి కదా, అది ఎటు మళ్ళితే అటే పోవాలి.

సముద్రం లేని ఊళ్ళో స్కూబా ఏమిటని అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు మా మేనమామ, సింహాచలం మావయ్య.

“భిలాయిలో సముద్రమేటిరా. విశాఖ రైలుకి బోగీ తగిలించి తెప్పిస్తావేటి?”

చెరువులున్నాయి, రాయి తవ్వేసిన గోతుల్లో నీళ్ళు నిండిన ఖదాన్లున్నాయి అన్నాను.

“మునగడానికి కోచింగు కూడానా. కోచింగు లేకుండానే జనం బాగా మునుగుతున్నారు కదరా.”

ఎగతాళికి అన్నా ఆ మాటలో నిజం ఉంది. గణపతి నిమజ్జనాలప్పుడు, దుర్గమ్మ నిమజ్జనాలప్పుడు చెరువు గట్ల మీద కాలుజారేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. గట్టు మీద తాడు పట్టుకుని నిలబడే కుర్రాళ్ళు ఉంటారు గానీ, అడుగుకి దిగి వెతకగలవాళ్ళు ఉండరు. అలాంటివాళ్ళని కొందరినైనా తయారు చేద్దామని మొదలుపెట్టాను. మొదట ఈతకొలనులో పాఠాలు. అవి వచ్చాక బయటి నీళ్ళు. ఆ బయటి నీళ్ళ దగ్గరే నా కథ.

దానికి ముందు మావయ్య గురించి కొంచెం చెప్పాలి.

మావయ్యది ప్లాంటులో మరమ్మతుల గ్యాంగు. మా అమ్మ పెళ్ళయి భిలాయి వచ్చిన కొత్తలోనే విజయనగరం నుంచి ఆయనా వచ్చేశాడు. మా పక్క క్వార్టరే. ఏదైనా యంత్రం ఆపి బాగుచేసేటప్పుడు పెద్ద పెద్ద గొట్టాల్లోకి, గదుల్లాంటి ఇనప పెట్టెల్లోకి మనుషులు దిగి పని చేస్తారు. పనయ్యాక మూత బిగించే ముందు గ్యాంగువాళ్ళు సుత్తితో బయటి నుంచి మూడు దెబ్బలు కొట్టేవారు. లోపల ఎవరైనా మిగిలిపోయి ఉంటే వచ్చేయమని పిలుపన్నమాట. లోపలివాళ్ళు తిరిగి కొట్టాలి, లేదా బయటికి రావాలి. అప్పుడే మూత.

మా మావయ్య మాత్రం నాలుగు కొట్టేవాడు. వరసగా కాదు. టంగ్ టంగ్ టంగ్ అని మూడూ కొట్టి, సుత్తి దించేసి, అటు తిరిగి, ఏదో మరిచిపోయి గుర్తొచ్చినవాడిలా వెనక్కి తిరిగి ఇంకొకటి. గ్యాంగులో దీనికి నవ్వుకునేవారు. సింహాచలానికి లెక్కలు రావనేవారు. చిన్నప్పుడు నేనూ అడిగాను.

“మూడు దెబ్బలూ సెవికిరా. నాలుగోది మడిసికి,” అన్నాడు. అంతకంటే విడమరిచి చెప్పలేదు.

ఇంటి తలుపు దగ్గరా అదే పద్ధతి. నేను వాళ్ళింటికి వెళ్ళి తలుపు మీద మూడు కొట్టాలి. కాసేపాగి లోపలి నుంచి ఆయన నాలుగోది కొట్టేవాడు. అప్పుడే గడియ తీసేవాడు. నేను తొందరపడి నాలుగూ నేనే కొట్టేస్తే తలుపు తెరుచుకునేది కాదు. ఎండలో నిలబడి బతిమాలుకోవాలి. “ఆఖరిది నాది,” అనేవాడు లోపలి నుంచి. మాటల్లోనూ అంతే, చేతల్లోనూ అంతే. నా బాల్యమంతా గడిచిపోయింది గానీ ఆయన మీద ఆఖరి దెబ్బ నాకు ఒక్కసారీ దక్కలేదు.

రిటైరయ్యాక మావయ్యా, పైడమ్మత్తా క్వార్టరు వదిలి ఊళ్ళోనే ఖుర్సీపార్‌లో చిన్న ఇల్లు తీసుకున్నారు. తర్వాత పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. అంత నోరున్న మనిషికి “ఊఁ” ఒక్కటే మిగిలింది. మిగిలిన ఎడంచేత్తో స్టీలు చెంచా పట్టుకుని ఇనప మంచం పట్టెని కొట్టి పిలుస్తాడు. టీ కావాలన్నా, ఫ్యాన్ వెయ్యాలన్నా, పక్కింటి టీవీ మోత తగ్గించమన్నా చెంచాయే. పైడమ్మత్తకి ఏ మోతకి ఏమి కావాలో తెలుసు.

ఇక ఖదాన్ సంగతి.

కొత్తవాళ్ళకి నీళ్ళు ఎంచడం పెళ్ళికి సంబంధం చూడడం లాంటిది. పైపై అందం చూసి పడిపోకూడదు. అడుగు చూడాలి. మెత్తటి బురదైతే ఒక్కడు కాలు ఆడిస్తే చాలు, నలుగురికీ కళ్ళు కనపడవు. గట్టు చూడాలి. దిగడం ఎవడైనా దిగుతాడు, బరువంతా మోసుకుని అలిసిపోయి ఎక్కగలగాలి. చేపల వలలున్నాయా, తీగలున్నాయా, తెగిన కొమ్మలున్నాయా చూడాలి. బండి గట్టుదాకా వస్తుందా, ఫోనుకి సిగ్నల్ ఉందా, ఆసుపత్రి ఎంత దూరం, అదీ చూడాలి. నేను చాలా చోట్లు తిరిగాను. ఒక చెరువులో నాచు, ఒకదాంట్లో వలలు. ఇంకొకటి గట్టు దిగీ దిగగానే నిలువులోతు. అవన్నీ కాదనుకున్నాక, పక్కనున్న కుమ్హారి ఊరు దాటి లోపలికి వెళ్తే ఎప్పుడో వదిలేసిన సున్నపురాయి ఖదాన్ ఒకటి దొరికింది.

చూడగానే మనసు పారేసుకున్నాను. అద్దంలాంటి ఆకుపచ్చ నీళ్ళు. ఒక పక్క బండి దిగే వాలు. రాయిని మెట్లు మెట్లుగా కోసిన ఖదాన్ కాబట్టి నీళ్ళలో మూడు నిలువుల లోతున వెడల్పాటి రాతి అరుగు, మోకాళ్ళ మీద కూర్చుని పాఠం చెప్పుకోడానికి తరగతి గదిలా ఉంది. అరుగు మూలకి, అంచు పక్కన, పై నుంచి దిగిన లావుపాటి గొట్టం ఒకటి. గట్టు మీద రేకుల షెడ్డులో దాని మోటరు. పక్క పొలాలకి నీళ్ళు తోడుకునే మోటరు. రైతు పేరు సాహూ.

నీళ్ళు లాగే గొట్టం దగ్గరికి మనిషి వెళ్ళకూడదు. ఇది నేను అందరికీ మొదటిరోజే చెప్పే మాట. ప్రవాహం కళ్ళకి కనిపిస్తుంది. లాగుడు కనిపించదు. దగ్గరికి వెళ్ళేదాకా ఏమీ ఉండదు, వెళ్ళాక ఇక వదలదు. చేయి పెడితే చేయి, వీపు ఆనితే వీపు పట్టేస్తుంది. పదిమంది కలిసి లాగినా ఊడి రాదు.

కాబట్టి నేను జాగ్రత్త పడ్డాను. పడ్డాననే అనుకున్నాను. ఆదివారం మోటరు వెయ్యడానికి వస్తావా అని సాహూని ముందే అడిగాను. రానన్నాడు, ఆ రోజు కుమ్హారిలో చుట్టాల పెళ్ళట. ఆదివారం పొద్దున్నే వెళ్ళి షెడ్డులోకి తొంగి చూశాను. మోటరు చప్పుడు లేదు, గోడకున్న స్టార్టరు పెట్టె మీద దీపం లేదు. అయినా దాన్ని ఆపే ఎర్ర బటన్ నొక్కాను. అక్కడితోనూ ఆగలేదు. ప్లాంటు పిల్లాణ్ణి కదా, ఎర్ర బిళ్ళ ఒకటి పెట్టెకి కట్టాను. ‘మనుషులు పని చేస్తున్నారు, ముట్టుకోవద్దు’ అని హిందీలో రాసి, కింద నా ఫొటో కూడా అంటించాను. మా ఊళ్ళో ఆ ఎర్ర బిళ్ళ కట్టి ఉంటే దాన్ని కట్టినవాడు తప్ప ఇంకెవడూ విప్పడు. దేవుడి గుడి తాళమైనా తీస్తారేమో గానీ అది తియ్యరు.

ఆ బిళ్ళ చూసుకుని నేను మురిసిపోయిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రోజు నాతో దిగినవాళ్ళు నలుగురు. వాళ్ళలో సుజాత గురించి చెప్పాలి. ఆసుపత్రిలో నర్సు. వాళ్ళ నాన్నగారు గుంటూరు వైపు నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చినవారు. ఈతలో చురుకు గానీ ఒక్క పాఠానికి జంకేది. కళ్ళద్దాల మాస్కులోకి కావాలని నీళ్ళు రానిచ్చి, ముక్కుతో గాలి వదిలి వాటిని బయటికి నెట్టాలి. ముక్కుకి నీళ్ళు తగిలితే ఆమెకి భయం. ఆ భయం ఇవాళ వదిలించుకుంటానని ముందు రోజే పంతం పట్టింది. మిగతా ముగ్గురూ పవర్ హౌస్ బజారులో దుకాణాలున్న కుర్రాళ్ళు.

గట్టు మీద కాపలాకి దీపక్. తెలుగింటి పిల్లాడే గానీ హిందీలో కలలు కంటాడు. వాడికి అప్పజెప్పింది ఒకటే పని. గట్టుకి కట్టి నీళ్ళలోకి దించిన ఇనప నిచ్చెన ఉంది. పైన ఏదైనా ప్రమాదం కనిపిస్తే రాడ్‌తో దాన్ని మూడుసార్లు కొట్టాలి. అది వినిపిస్తే ఏం చేస్తున్నా ఆపి అందరూ పైకి వచ్చేయాలి. ఆ మూడు దెబ్బలూ నేను మావయ్య నుంచి తెచ్చుకున్నవే. నాలుగోదాని గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది మా ఇంటి సంగతి.

నారింజ రంగు బుడ్డ ఒకటి నీళ్ళ మీద తేలుతోంది. దాని తాడు అరుగు మీద నేను పెట్టిన సామాను సంచికి కట్టి ఉంది. ఆ తాడు పట్టుకుని ఒక్కొక్కరే దిగారు. అరుగు మూల అన్నిటికంటే చదునుగా ఉందని అక్కడే అర్ధచంద్రంగా కూర్చోబెట్టాను. వాళ్ళ వీపులు గొట్టం వైపు. సుజాతకీ గొట్టం మూతికీ మధ్య మనిషి పొడవు ఎడం ఉంటుంది.

మొదటి వంతు సుజాతదే. మాస్కు అంచు మీద వేలు పెట్టింది. నేను సరేనని సైగ చేశాను.

అప్పుడు వినిపించింది. టంగ్ టంగ్ టంగ్.

నీళ్ళలో శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవికి తెలియదు. మన తల లోపలే ఎవరో కొట్టినట్టుంటుంది. దీపక్ కొట్టాడనుకున్నాను. నిజం చెప్పాలంటే కోపం వచ్చింది. పిల్ల ఇప్పుడే ధైర్యం తెచ్చుకుంటే ఇప్పుడా పిలవడం అనుకున్నాను. ఏదో పొరపాటున కొట్టి ఉంటాడని, కాసేపాగండని చెయ్యి చూపించబోయాను. నలుగురూ మాత్రం నేర్పింది నేర్పినట్టు బొటనవేళ్ళు పైకెత్తి, వెళ్దామని నా వైపే చూస్తున్నారు. గురువు కంటే శిష్యులు నయం.

అంతలో, మరిచిపోయి గుర్తొచ్చినవాడిలా, ఇంకొకటి. టంగ్.

బిగుతైన రబ్బరు సూటు లోపల ఒళ్ళు గగుర్పొడవడానికి చోటుండదు. అయినా గగుర్పొడిచింది. ఆ దెబ్బకి నా వయసు జారిపోయి, తలుపు బయట ఎండలో నిలబడ్డ పిల్లాణ్ణి అయిపోయాను. ఇంకేమీ ఆలోచించలేదు. పైకి పదండని సైగ చేశాను. తొందర లేకుండా, ఊపిరి బిగబట్టకుండా, నేర్పిన పద్ధతిలోనే పైకొచ్చాం.

గట్టు మీద దీపక్ కాగితంలో అటుకుల పోహా తింటూ కనిపించాడు.

“ఏమైంది భయ్యా, ఇంత జల్దీ వచ్చేశారు?”

“నువ్వే కదరా పిలిచావు.”

“నేనెక్కడ బులాయించాను. కసమ్ భయ్యా, ఇక్కణ్ణుంచి కదల్లేదు.”

రాడ్ వాడి పక్కన టవల్ మీద ఉంది. పట్టి చూశాను. పొడిగా, ఎండకి వెచ్చగా ఉంది. నిచ్చెన దగ్గర తడి అడుగులు కూడా లేవు.

“మీ ఫోన్ మాత్రం బజ్తూనే ఉంది,” అన్నాడు దీపక్. “ఆంటీది. మీ ఫోన్ కదా అని ఎత్తలేదు.”

ఇక్కడ నా తెలివితక్కువతనం రెండో అంకం. ఏదో రాయి దొర్లి నిచ్చెనకి తగిలి ఉంటుందిలే, మళ్ళీ దిగుదాం పదండి అన్నాను. అన్నాను, దాచుకోను. సుజాత నడుంలోతు నీళ్ళలో నిలబడి, “ఒక్క నిమిషం ఆగండి సార్, మాస్కు పట్టీ వదులైంది,” అంది.

ఆ పట్టీ బిగించుకుంటుండగా షెడ్డులో బల్బు వెలిగింది. పెట్టెలో ఏదో టక్కుమంది. మోటరు మూలిగి, గొంతు సవరించుకుని, మోతెత్తింది. షెడ్డులో ఎవరూ లేరు.

మేమంతా నీళ్ళ వైపు చూశాం. నారింజ బుడ్డ ఒక్కసారి వణికింది. తర్వాత ఎవరో కాలు పట్టి లాగినట్టు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ పైకి రాలేదు.

దీపక్ పోహా పారేసి పరుగెత్తాడు. షెడ్డు వెనక స్తంభానికి ఇంకో పెట్టె ఉంది, అసలు లివర్ అందులో ఉంది. నేను చూడనే లేదు. వాడు దాన్ని కిందికి లాగాడు. మోటరు ఆగింది.

తర్వాత నేను ఒక్కణ్ణే దిగి చూశాను. గొట్టం మూతికి ఉండాల్సిన జల్లెడ ఎప్పుడో ఊడిపోయింది. నా సామాను సంచి సగం గొట్టంలో ఉంది. తాడంతా లోపలికి పోయి, బుడ్డ ఆ సంచికి ఆనుకుని నలిగిపోయి ఉంది. ఆ సంచి సుజాత కూర్చున్న చోటికి ఇవతల, గొట్టానికి ఇంకా దూరంగా పెట్టిన సంచి.

సాహూకి ఫోన్ చేశాను. వెనకాల పెళ్ళి బాజాలు. నిన్న రాత్రి గాలివానకి లైను పోయిందట. పల్లెలో కరెంట్ ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి, రాగానే మోటరు దానంతటదే లేచేలా ఆటో పెట్టుకుంటారట. “ఏ పొలంలో చూసినా ఇదే కదా సార్,” అన్నాడు హిందీలో, నాకు తెలియదని చెప్తే నమ్మనట్టు. ఎర్ర బటన్ నొక్కానన్నాను. “కరెంట్ లేనప్పుడు నొక్కితే దానికేం తెలుస్తుంది?”

అప్పుడు అర్థమైంది, నేను చేసిన తప్పు మా సెక్టర్లలో పెరిగినవాడు మాత్రమే చేసే తప్పని. మా చిన్నప్పుడు కరెంట్ పోతే అది వారం పాటు చెప్పుకునే వార్త. చప్పుడు చెయ్యని మోటరంటే మాకు ఆపేసిన మోటరే. యంత్రమన్నాక దాన్ని వెయ్యడానికి షిఫ్టులో ఒక మనిషి ఉంటాడు, ఆ మనిషి బిళ్ళ చదువుతాడు. సాహూ పెళ్ళికి వెళ్ళాడు కాబట్టి మోటరు కూడా పెళ్ళికి వెళ్ళిందనుకున్నాను. నా ఎర్ర బిళ్ళ పెట్టె మీద అలాగే వేలాడుతోంది, నా ఫొటో నవ్వుతోంది. మోటరుకి చదువు రాదు.

గట్టు మీద కూర్చున్నాం. సుజాత తన టిఫిన్ డబ్బా మూత ఒళ్ళో పెట్టుకుని, ఏదో ఆలోచిస్తూ వేలి ఉంగరంతో దాని మీద కొట్టింది. మూడు. ఆగింది. ఎదుటి గట్టు చూసింది. ఇంకొకటి.

“ఇలాగే వినిపించింది కదండీ. మూడే అని చెప్పారు మీరు. ఆ ఆఖరిది ఏమిటి సార్?”

మిగతా ముగ్గురూ తలూపారు. వాళ్ళూ అలాగే విన్నారు. వాళ్ళెవరూ మా మావయ్యని చూసి ఎరగరు.

నేను ఫోను తీశాను. అత్త చేసిన ఫోన్లన్నీ మేము నీళ్ళలో ఉన్నప్పటివే. తిరిగి చేశాను.

“ఏడికెళిపోయావు బావూ. మీ మావయ్య మంచం ఇరగ్గొట్టేస్తన్నాడు. టీ ఇస్తే తోసేసేడు. ఫేనెయ్యాలేటంటే తలడ్డంగా ఊపుతాడు. ఆ సెంచా లాక్కుందారంటే ఒగ్గడు. నీ మాటైతే ఇంతాడని ఫోను సేసేను.”

“ఇప్పుడేం చేస్తున్నాడత్తా?”

“ఇప్పుడేటి. ఇందాకే సెంచా పడీసి, గోడకి తిరిగి గుర్రెట్టేడు.”

తిన్నగా ఖుర్సీపార్ వెళ్ళాను. తల ఇంకా తడిగానే ఉంది. మావయ్య నిద్రపోతున్నాడు. మంచం పక్కన కింద కూర్చున్నాను. పట్టె మీద పెయింటు లేచిపోయి, చెంచా తగిలిన చోటంతా ఇనుము మెరుస్తోంది. ఆయన లేచేదాకా అలాగే కూర్చున్నాను. కళ్ళు తెరిచి నన్ను చూశాడు. నా తడి జుట్టు చూశాడు.

నేను వేలి కణుపుతో పట్టె మీద మూడు కొట్టాను.

ఆయన నా వేలి వైపు చూశాడు. పక్క మీద చెయ్యి తడిమి చెంచా వెతుక్కున్నాడు. ఒక్కటి కొట్టాడు.

నేనప్పుడు ఏడ్చానో లేదో పైడమ్మత్త ఒకలా చెప్తుంది, నేను ఒకలా చెప్తాను. మీరు నా మాటే నమ్మండి.

ఇక సాక్ష్యాల సంగతి. అత్తని నేను చాలా రకాలుగా అడిగాను. అంతకుముందు ఎప్పుడైనా ఇలా విడవకుండా కొట్టాడా అంటే, “టీ ఆలీసమైతే రోజూ వాయింపే కదేటి,” అంది. ఆ రోజు మూడూ ఒకటీ కొట్టాడా, ఊరికే కొట్టాడా అంటే, “నాను లెక్కెట్టేనేటి,” అంది. అది న్యాయమైన మాటే. కాబట్టి ఆ రోజు మావయ్య కొట్టింది ఇంకేదో కావాలని కొట్టి ఉండొచ్చు. ఆయన్నే అడిగితే ఒక భుజం ఎగరేశాడు. రెండోది ఎగరదు.

ప్లాంటులో పంపుల దగ్గర పనిచేసి రిటైరైన మిత్రుడొకాయన ఉన్నాడు. ఆయనకి చెప్పాను. గొట్టంలో మిగిలిన నీళ్ళు కిందికి జారేటప్పుడు ఒక్కోసారి దెబ్బల్లా వినిపిస్తాయన్నాడు. నేను సంతోషించాను. కానీ లైను రాత్రే పోయింది, జారాల్సిన నీళ్ళు రాత్రే జారిపోయి ఉంటాయి కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, “గొట్టం కొడుతుంది బాబూ. ఆగి, గుర్తుతెచ్చుకుని కొట్టదు,” అన్నాడు. ఆ తర్వాత వేరే విషయం ఎత్తాడు.

కుమ్హారి అవతలి ఖదానుకీ ఖుర్సీపార్‌లో మంచానికీ మధ్య ఎంత రోడ్డు ఉందో, ఎన్ని లారీలు ఉన్నాయో నాకు తెలుసు. చెంచా చప్పుడు పక్క వీధికే వినిపించదు. అయినా ఆ నలుగురూ విన్నారు, నేనూ విన్నాను. దయ్యమంటే పోయినవాళ్ళు కదా. మా మావయ్య నిక్షేపంలా ఉన్నాడు, పూటకో టీ తాగుతున్నాడు. ఉన్నవాళ్ళు ఇలా వచ్చి పోతే దాన్ని ఏమంటారో నాకు తెలియదు.

ఆ ఖదానుకి మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు చోటు ఎంచేటప్పుడు గొట్టం కనిపిస్తే చాలు, మోటరు ఉందా లేదా అని కూడా అడగను, బండి తిప్పేస్తాను. సుజాత మాస్కు పాఠం వేరే చెరువులో పూర్తి చేసింది. ఇప్పుడు నిమజ్జనాలకి గట్టు మీద కాదు, నీళ్ళలోనే కాపలా. వారానికోసారి ఖుర్సీపార్ వచ్చి మావయ్యకి బీపీ చూస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు, “థాంక్స్ అండీ మావయ్యగారూ,” అంది. దేనికన్నట్టు ఆయన నా వైపు చూశాడు. ఆమె తెచ్చిన జిలేబీల పొట్లం మాత్రం ఎడంచేత్తో భద్రంగా దిండు కింద పెట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఆమె ప్రతిసారీ మంచం పట్టెని ఒకసారి ముట్టుకుంటుంది.

ఆయనకి నేను ఎంత రుణపడ్డానో నాకు తెలుసు. నలుగురి ప్రాణాలు, వాళ్ళ ఇళ్ళవాళ్ళకి నేను చూపించగలిగే మొహం, రాత్రి పట్టే నిద్ర, అన్నీ ఆయన పెట్టిన భిక్షే అనుకుంటాను. రుజువు లేదు గానీ కృతజ్ఞతకి రుజువెందుకు. కాకపోతే మేనల్లుణ్ణి కదా. ఎండలో నిలబెట్టిన రోజులు కూడా గుర్తున్నాయి.

మొన్న ఆదివారం వెళ్ళాను. ఎప్పటిలాగే పట్టె మీద మూడు కొట్టాను. ఆయన ఎప్పటిలాగే నన్ను కాసేపు ఉడికించి నాలుగోది కొట్టాడు. ఆఖరిది నాది అన్న గర్వం కళ్ళలో, మాట లేకపోయినా. జిలేబీ ముక్క తినిపించే నెపంతో ఆయన చేతిలోంచి చెంచా తీసుకున్నాను. తినిపించాను. మూతి తుడిచాను. వస్తానని చెప్పి గుమ్మందాకా నడిచి, ఏదో మరిచిపోయి గుర్తొచ్చినవాడిలా వెనక్కి తిరిగి, ఆ చెంచాతోనే ఇనప ద్వారబంధం మీద ఐదోది కొట్టాను. టంగ్.

మావయ్య చెయ్యి పక్క మీద గబగబా తడుముకుంది. చెంచా లేదు. అప్పుడు నా వైపు చూసిన చూపు ఉంది చూశారూ, చిన్నప్పటి ఎండంతా ఆ చూపుకి చల్లబడిపోయింది.

“ఏట్రా ఆ దొంగబుద్ది. ఇచ్చీ ఆడి సెంచా,” అంది అత్త వంటింట్లోంచి. ఇంట్లో ఇంకా చెంచాలున్నాయి కదత్తా అన్నాను. అది జేబులో వేసుకుని బండెక్కాను. వచ్చే ఆదివారం తిరిగి ఇస్తాను. అప్పటిదాకా ఆఖరి దెబ్బ నాదే.

దయ్యాలంటే నమ్మకం లేదని మొదట్లోనే చెప్పాను. ఇప్పుడూ అదే మాట. అయినా చెంచా నా దగ్గరున్న ఈ వారం మాత్రం ఎవరినీ నీళ్ళలోకి దించడం లేదు.